కార్డుకెక్కిన పేరు

మా మ్యూజియంలో ముందు కార్డు అచ్చయ్యేది, కార్యక్రమం తర్వాత పుట్టేది. పిల్లను చూడకముందే శుభలేఖలు పంచే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా అని నవ్వకండి, మాది అలాంటి ఇల్లే. నలభై రోజుల ముందు రాతప్రతి చేతికి రాకపోతే ప్రెస్సువాళ్ళు ముట్టుకునేవారు కాదు. అందుకని వచ్చే రెండు నెలల్లో ఏ ప్రదర్శన పెడతాం, ఏ రోజు ఎవరి ఉపన్యాసం, ఏ సాయంత్రం ఏ కళాకారుడు అనేవన్నీ 'రాబోయే కార్యక్రమాలు' అన్న శీర్షిక కింద నేను ముందే రాసేసేవాణ్ణి. అచ్చయి వచ్చాక ఆ మనుషుల వెంటపడి, బతిమాలి, బామాలి, కార్డులో ఉన్నది ఉన్నట్టు జరిపించేవాణ్ణి. ఒకసారి వీణ వాయించాల్సిన ఆవిడకు జ్వరమొస్తే ఆవిడ చెల్లెల్ని తెచ్చి కూర్చోబెట్టాను. మూడేళ్ళలో నా కార్డు ఒక్కటీ తప్పలేదు. "సుబ్రహ్మణ్యం రాస్తే బ్రహ్మ రాసినట్టే" అని ఆఫీసులో ఎగతాళి చేసేవారు. నాకది ఎగతాళిలా వినపడేది కాదు.

నేను చెప్పేది పంతొమ్మిదివందల డెబ్బైనాలుగు నాటి సంగతి. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. హైదరాబాదు వచ్చి మూడేళ్ళయినా నా ఉద్యోగం టెంపరరీయే. ఆరునెలలకోసారి పొడిగిస్తూ పోయేవారు. నా భార్య పద్మావతి పుట్టింట్లోనే ఉండేది. "పర్మనెంటు కాగితం చేతికి రానీ, మర్నాడే వచ్చి కాపురం పెడతాను" అని ఆమె ప్రతి ఉత్తరంలోనూ రాసేది. మామగారు అలా రాయించేవారని నా అనుమానం. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా డైరెక్టరు విశ్వేశ్వరరావుగారు. ఆయన మంచివాడే, కానీ ఏ మంచి పనినైనా వచ్చే సోమవారానికి వాయిదా వేసే అలవాటు మనిషి.

ఆ మార్చిలో మట్టిపాత్రల ప్రదర్శన ఒకటి పెట్టాలనుకున్నారు. "పాత కుండలు గాజు బీరువాలో పెడితే ఎవరు చూస్తారయ్యా? జనం ముందు కుమ్మరి కుండ చేస్తూ ఉండాలి. అలాంటివాణ్ణి పట్టుకొచ్చావంటే నీ ఫైలు నేను చూసుకుంటాను" అన్నారు డైరెక్టరుగారు. నాకు లింగంపల్లి అంగడి గుర్తొచ్చింది. అంతకు నెలరోజుల ముందు అక్కడ ఒక రంజన్ కొన్నాను, మంచినీళ్ళకి. అమ్మినవాడి పేరు బాలనర్సయ్య, ఊరు కొత్తగూడ. నీళ్ళు ఎంత చల్లగా ఉండేవో! మరుసటి వారం అంగడికి వెళ్ళి, పట్నంలో పెద్దవాళ్ళ ముందు నీ పనితనం చూపిస్తావా నర్సయ్యా అని అడిగాను. "సూద్దాం తియ్ సారూ" అన్నాడు. మర్యాద తెలిసినవాడు ముఖం మీద కాదనలేక అనే మాట అది. ఆ సంగతి నాకు తెలియక కాదు. అయినా తిరిగొచ్చి కార్డులో రాసేశాను: 'శనివారం సాయంత్రం నాలుగు గంటలకు కొత్తగూడ కుమ్మరి బాలనర్సయ్య సారెపై కుండలు చేసి చూపుదురు. అందరూ ఆహ్వానితులే.'

కార్డు అందంగా వచ్చింది. సర్కారు మ్యూజియం కాబట్టి పైన మూడు సింహాల ముద్ర, కింద ఒకవైపు తెలుగు, వెనకవైపు ఇంగ్లీషు. ఊళ్ళో పెద్దలందరికీ టపాలో వెళ్ళిపోయింది. ముఖ్య అతిథి సక్సేనా సాబ్. రెవెన్యూలో చాలా పెద్ద హోదాలో పనిచేసి రిటైరైన హైదరాబాదీ పెద్దమనిషి. ఆయన వస్తానని ఉత్తరం కూడా రాశాడు. ఇక మిగిలింది బాలనర్సయ్యకు చెప్పడం ఒక్కటే.

శనివారం కార్యక్రమమనగా మంగళవారం వెళ్ళాను. లింగంపల్లి రోడ్డు మీద బస్సు దిగి, బండరాళ్ళ మధ్య బాటపట్టి నడిచి కొత్తగూడ చేరేసరికి చొక్కా తడిసి ముద్దయింది. దారి పొడుగునా సున్నం కొట్టిన రాళ్ళు పాతి ఉన్నాయి. సర్కారువాళ్ళు ఆ చుట్టుపక్కల భూములు గొలుసులతో కొలుస్తున్నారని బస్సులోనే విన్నాను. దేనికో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకరు బడి అన్నారు, ఒకరు కార్ఖానా అన్నారు.

బాలనర్సయ్య ఇంటిముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. లోపలినుంచి ఆయన భార్య చంద్రమ్మ వచ్చి, నన్ను గుర్తుపట్టి, అరుగు మీద చోటు చూపించింది.

"మా అత్త పోయింది సారూ. మొన్న ఐతారం నాడు."

బాలనర్సయ్య తల్లి కిష్టమ్మ ఆదివారం పోయిందట. నేను అనాల్సిన మాటలు అన్నాను. అంటూనే నా కళ్ళు సారె కోసం వెతికాయి. పాకలో దాని చోటు ఖాళీగా ఉంది. సారెను పైకి తీసి గోడకు నిలబెట్టి, మీద తెల్లగుడ్డ కప్పారు. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు ఆ ముసలమ్మ మీద జాలి కలగలేదు. కార్డు తప్పిపోతుందే అన్న భయం ఒక్కటే కలిగింది.

బాలనర్సయ్య వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, మూడు రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. నేను మెల్లగా విషయం ఎత్తాను. అతను మాట్లాడకముందే పక్కనున్న పెద్దాయన అందుకున్నాడు. అతని చిన్నాయన ఐలయ్య, కులంలో పెద్ద.

"ఏంది సారూ గట్లంటవ్? కుమ్మరోళ్ళ ఇంట్ల సావు అయితే పదకొండో దినం దాక సారె తిరగద్దు. సారె తిరిగితే పోయినామె పానం తొవ్వ దొరకక తిరుగుతనే ఉంటది. తిప్పినోని ఇంటికి దినాల నాడు కులపోళ్ళు రారు. సావింట్ల కుండలు సావింటోళ్ళు చేసుకోరు, మేమే తెచ్చియ్యాలె. కుండలు రాకుంటే ముసల్దానికి కర్మ ఎట్లయితది చెప్పు?"

"ఇంకోసారి వస్త సారూ. ఏమనుకోకు" అన్నాడు బాలనర్సయ్య.

అక్కడితో లేచి రావాల్సింది. డైరెక్టరుగారికి నిజం చెప్పి, కార్డు తప్పింది సార్ అని ఒప్పుకుంటే మహా అయితే ఇంకో ఆరునెలలు టెంపరరీగా ఉండేవాణ్ణి. కానీ మనిషికి ఒక పేరు వచ్చాక అది మెడకు డోలై కూర్చుంటుంది. బ్రహ్మరాత తప్పితే ఎలా? సంచిలోంచి కార్డు తీసి, "చూడు నర్సయ్యా, నీ పేరు అచ్చయిపోయింది" అని చూపించాను. ఆశ పెడదామనే తప్ప నాకప్పుడు వేరే ఉద్దేశం లేదు.

కార్డును అతను రెండు చేతులతో అందుకున్నాడు. చదువు రాదు. సింహాల ముద్ర మీద వేలు పెట్టి ఐలయ్య వైపు చూశాడు. అరుగు మీదివాళ్ళంతా ఒక్కసారి ముందుకు వంగారు.

"నా పేరు సర్కారు కాయితంల ఎట్లెక్కింది సారూ?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఊరవతల కుమ్మరికుంట ఉంది. తాతల నాటినుంచి వాళ్ళు మన్ను తెచ్చుకునేది అక్కడినుంచే. ఆ కుంట గట్టు మీద కూడా సున్నపు రాయి పాతారు. కొలవడానికి వచ్చినవాళ్ళలో ఒకడు, "హక్కు ఉన్నోళ్ళకు కాయితం వస్తది. పిలిచిన నాడు రావాలె. రానోనికి హక్కు లేదు" అని చెప్పి పోయాడట. అప్పటినుంచి ఆ కాగితం కోసం ఊరు ఊరంతా ఎదురుచూస్తోంది. ఇప్పుడు నేను ప్యాంటూ చొక్కా వేసుకుని, సంచి తగిలించుకుని, మూడు సింహాల కాగితంలో అతని పేరు పట్టుకొచ్చాను.

"ఆడికి పెద్ద సార్లు వస్తరా?" అని అడిగాడు.

"వస్తారు. రెవెన్యూలో పెద్ద ఆఫీసరుగా చేసినాయన వస్తున్నారు."

ఇది నిజమే. నిజమే కాబట్టి నోరు తడబడలేదు. బాలనర్సయ్య ముఖంలోకి వెలుగూ భయమూ ఒకేసారి వచ్చాయి.

"రాకుంటే కుంట పోతదా సారూ?"

ఇది కుంట కాగితం కాదయ్యా, ఇది ఆటపాటల కాగితం అని ఒక్క మాట అంటే సరిపోయేది. చంద్రమ్మ నన్నే చూస్తోంది. ఐలయ్య నన్నే చూస్తున్నాడు. నేను కార్డులోని తేదీని చూస్తూ అన్నాను:

"రావడమే మంచిది నర్సయ్యా."

ఐలయ్య లేచి తలపాగా దులుపుకున్నాడు. "నీ ఇష్టం బిడ్డా. కుంట పోతే కులానికే దెబ్బ, నాకు తెల్వదా? కానీ సారె తిప్పితే నీ గడప నేను తొక్క. కులపోళ్ళు ఎవ్వరు తొక్కరు" అని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచారు. బాలనర్సయ్య సారె వైపు చూసి, "బండ్లె తెస్తే సారె కదిలి పగుల్తది. జీపు పంపుతవా సారూ?" అన్నాడు. పంపుతానన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు కిటికీ పక్క సీటు దొరికింది. హాయిగా నిద్రపోయాను కూడా. ఆ నిద్రను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

శనివారం నాలుగింటికి హాలు నిండింది. బెత్తెడు అంచు పట్టుచీరలు, సెంటు వాసనలు, ఫోటోల వాళ్ళు. మధ్యలో ఎర్రమన్ను పరిచి సారె అమర్చాం. బాలనర్సయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. వెంట చంద్రమ్మ. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గోడవార నిలబడింది. ఊరినుంచి ఇంకెవరూ రాలేదు.

అతను సారె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, లెంపలు వేసుకున్నాడు. పెదవులు కదిలాయి. దగ్గరగా ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. "అవ్వా, తప్పయింది. కుంట కోసమే తిప్పుతున్న." జనం అది ఏదో సంప్రదాయ ప్రార్థన అనుకున్నారు. ఫోటో తీశారు. "ఎంత భక్తి!" అన్నది ముందు వరసలో ఒకావిడ.

సారె తిరిగింది. అతని చేతుల్లో మన్ను లేచి, పొట్ట పోసుకుని, మెడ సన్నబడి, చూస్తుండగానే కుండయింది. అంతకంటే గొప్ప చేతులు నేను చూడలేదు. జనం చప్పట్లు కొట్టేసరికి అతను ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకున్నాడు. చావింట్లో ఎవరో చప్పట్లు కొట్టినట్టుగా చూశాడు. నిజానికి అతనికి అది చావిల్లే కదా. "ఫ్లవర్ వాజ్ చేయమనవయ్యా" అని డైరెక్టరుగారు నా చెవిలో అన్నారు. నేను చెప్పాను. పువ్వులు పెట్టే కుండ ఎట్లుంటది అని అడిగాడు. చేతులతో గాలిలో గీసి చూపించాను. చేశాడు. మళ్ళీ చప్పట్లు. అతని కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, చేతులకు మన్ను ఉంది కాబట్టి భుజంతో తుడుచుకున్నాడు. నాకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. కానీ పారిపోవాల్సినవాణ్ణే వందన సమర్పణ చేయాల్సినవాణ్ణి కూడా.

సక్సేనా సాబ్ లేచి వచ్చి అతని భుజం మీద శాలువా కప్పాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను నిలబడ్డాను. ఆ పెద్దమనిషికి తెలుగు రాదు, వీళ్ళకు తెలుగు తప్ప రాదు, మధ్యలో వంతెన నేనొక్కణ్ణే అని నా ధీమా. బాలనర్సయ్య శాలువా సంగతి చూడనే లేదు. మన్ను చేతులు జోడించి, వంగి అన్నాడు:

"దొరా, పిలిచిన నాడే వచ్చినం. అవ్వ సచ్చిన దినాలల్ల వచ్చినం. మా కుంట మాకు రాసియ్యండి."

సక్సేనా సాబ్ నావైపు తిరిగాడు, ఏమంటున్నాడని. నేను ఇంగ్లీషులో గబగబా అనేశాను. "తమరి దర్శనం అయింది, జన్మ ధన్యమైంది అంటున్నాడు సార్."

ఆయన నవ్వి తల పంకించాడు. అంతా గట్టెక్కిందనుకున్నాను. కుంట అడిగితే ఆ దొర నవ్వడమేమిటని అనుమానం వచ్చిందేమో, గోడవారనుంచి చంద్రమ్మ ముందుకు వచ్చింది.

"నై సాబ్, ఓ నై బోలే" అంది. తడబాటు లేని ఉర్దూ. "హమారా మిట్టీ కా కుంటా హై సాబ్. కాగజ్ మే నామ్ ఆయా బోల్కే ఆయే. ఘర్ మే మయ్యత్ హువీ, ఫిర్ భీ ఆయే." ఆయన అన్నది అది కాదనీ, కాగితంలో పేరొచ్చిందని ఇంట్లో చావైనా మన్ను కుంట కోసం వచ్చామనీ అంటోందని నాకే అర్థమైంది.

పాతికేళ్ళుగా గల్లీ గల్లీ తిరిగి, ఇంటింటికీ రంజన్లు అమ్మిన మనిషికి ఉర్దూ రాకుండా ఎలా ఉంటుంది? హైదరాబాదు చుట్టుపక్కల పుట్టిన ఏ మనిషీ చేయని తప్పు నేను చేశాను. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, బస్సు కండక్టరుతో మాట్లాడే నాలుగు ముక్కలు తప్ప నేర్చుకోనివాణ్ణి నేనే. వాళ్ళిద్దరికీ మధ్య వంతెన ఎప్పటినుంచో ఉంది. లేనిది నాకే.

"కౌన్సా కాగజ్, అమ్మా?" అన్నాడు సక్సేనా సాబ్.

చంద్రమ్మ నడుము దగ్గరున్న చిక్కం సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. నలగకుండా గుడ్డలో చుట్టి దాచుకుంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వెనక్కి తిప్పి ఇంగ్లీషు వైపు చదివాడు. తర్వాత ఉర్దూలో, చాలా మెల్లగా చెప్పాడు. నాకు భాష సరిగ్గా రాకపోయినా ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. ఇది భూమి కాగితం కాదమ్మా. ఇది తమాషా చూడటానికి జనాన్ని పిలిచే కాగితం. నేను రిటైరై ఆరేళ్ళయింది, నా చేతిలో ఏ కుంటా లేదు.

చంద్రమ్మ చెప్పక్కర్లేకుండానే బాలనర్సయ్యకు తెలిసిపోయింది. అతను సారె వైపు చూశాడు. అది ఇంకా పూర్తిగా ఆగలేదు, మెల్లగా తిరుగుతూనే ఉంది. వంగి, అరచేయి దాని మీద పెట్టి ఆపాడు.

"వీళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పారు?" అని సక్సేనా సాబ్ డైరెక్టరుగారిని ఇంగ్లీషులో అడిగాడు. డైరెక్టరుగారి ముఖం మాడిపోయింది. నావైపు తిరిగి, నలుగురూ వినేలా తెలుగులో అన్నారు:

"ఏమయ్యా సుబ్రహ్మణ్యం, నువ్వేగా వెళ్ళింది? కుంట ఇస్తారని చెప్పి తెచ్చావా? ఇలాంటివాడి ఉద్యోగం పర్మనెంటు చేయమని నేనెట్లా రాయను?"

ఎర్రటి ఎండలో నిలబెట్టినట్టు చెవులు కాలిపోయాయి. నోరు తెరిచాను. ఏం చెప్పాలనుకున్నానో నాకే తెలియదు. నిజం చెప్పేవాణ్ణేమో అని తర్వాత చాలాసార్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. చెప్పేవాణ్ణి కాదు. చేతిలో ఉన్న వందన సమర్పణ కాగితాన్ని నలిపి వెనక్కి దాచుకున్నాను. అది బాలనర్సయ్య చూశాడు.

"సారు ఏమనలే" అన్నాడు అతను.

చంద్రమ్మ గిరుక్కున తిరిగింది. "ఏంది నువ్వనేది? అడగలే నువ్వు? రావుడే మంచిది అనలే?"

"ఊకోయే. సారు తమాషా కాయితమనే చెప్పిండు. సింహాలు సూసి మేమే గట్ల అనుకున్నం. సారు తప్పు లేదు."

డైరెక్టరుగారు పెద్దగా ఊపిరి వదిలి నవ్వేశారు. "చూశారా, పల్లెటూరి అమాయకులు! చదువు లేకపోతే ఇంతే" అన్నారు. నలుగురూ నవ్వారు, పాపం అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో, ఏ పేగులోంచి వచ్చిందో నాకు తెలియదు. సక్సేనా సాబ్ మాత్రం నవ్వలేదు. కార్డును మళ్ళీ గుడ్డలో చుట్టి చంద్రమ్మ చేతిలో పెట్టి, నన్ను ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. మాట్లాడితే బాగుండేది. తిట్టినా భరించేవాణ్ణి.

జీపులో వాళ్ళను దింపడానికి నేనే వెళ్ళాను. ముందు సీట్లో కూర్చున్నాను. వెనక సారె, దాన్ని పట్టుకుని వాళ్ళిద్దరూ. ఊరు రాగానే బాలనర్సయ్య దిగి, డ్రైవరుతో కలిసి సారె దింపుకుని లోపలికి పోయాడు. అరుగు మీద ఎవరూ లేరు. పక్కిళ్ళ తలుపులు మేము చూస్తుండగానే మూసుకున్నాయి.

"ఇగ ఎవ్వరు రారు" అంది చంద్రమ్మ, నాతో కాదు, తలుపులతో.

ఆదివారం పేపర్లో ఫోటో పడింది. సోమవారం డైరెక్టరుగారు జీవితంలో మొదటిసారి ఒక పనిని వాయిదా వేయలేదు. మంగళవారం మధ్యాహ్నం నా చేతికి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. పద్మావతికి టెలిగ్రాం ఇవ్వడానికి పోస్టాఫీసు దాకా వెళ్ళాను. ఫారం తీసుకున్నాను. 'ఉద్యోగం ఖాయమైంది, బయలుదేరు' అని రాయాలి. రాయలేక మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు కిష్టమ్మకు పదకొండో రోజు.

తెల్లవారగానే మొదటి బస్సు పట్టుకున్నాను. కొత్తగూడలో ముందు వెళ్ళింది బాలనర్సయ్య ఇంటికి కాదు, ఐలయ్య ఇంటికి. ఆయన వాకిట్లో కులపెద్దలు ముగ్గురున్నారు. నేను చెప్పులు బయట విడిచి, నిలబడే చెప్పాను. కుంట పోతుందా అని నర్సయ్య నన్ను అడిగాడనీ, కాదని తెలిసి కూడా రావడమే మంచిదని అన్నాననీ, హాల్లో అతను నన్ను కాపాడటానికి అబద్ధమాడాడనీ, సారె తిప్పిన పాపం అతనిది కాదు నాదనీ చెప్పాను. 

ఐలయ్య బీడీ ముట్టించుకున్నాడు.

"సర్కారు భయానికి పోయిండు. ఆశకు పోలే. ఇగ ఏముంది మల్ల?" అని మిగతావాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు తలలూపారు. ఆయన లోపలికి పోయి, కొత్త కుండలు భుజాన పెట్టుకుని బయటికి వచ్చాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. బాలనర్సయ్య గడప దగ్గర కుండలు దించుతుంటే అతను చిన్నాయన కాళ్ళ మీద పడి ఏడ్చాడు. నేను దూరంగా నిలబడి చూశాను. నిజం చెప్పాలంటే గుండె తేలికైంది. ఎనిమిది రోజులుగా మోస్తున్న బరువు దించేశాను, నేనూ మనిషినే, చివరికి నిజం చెప్పగలిగాను అని నన్ను నేనే కొంచెం మెచ్చుకున్నాను.

కర్మ అయ్యాక కులంవాళ్ళంతా బంతికి కూర్చున్నారు. నేను వెళ్ళిపోబోతుంటే చంద్రమ్మ ఎదురొచ్చింది. ఆమె చేతిలో విస్తరి ఉంది.

"చిన్నాయనకు అంత చెప్పినవంట గద సారూ."

"చెప్పానమ్మా. అంతా నా తప్పే."

"మంచిది" అంది. కాసేపు నా ముఖంలోకి చూసింది. "నౌకరి పక్కా అయిందా?"

అబద్ధం చెబుదామన్నా నోరు రాలేదు.

"అయిందమ్మా. నిన్ననే కాగితం వచ్చింది."

ఆమె తల ఊపింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అంగట్లో కుండను వేలితో తట్టి, పగులుంటే పక్కన పెట్టేటప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ ముఖం.

"గందుకే ఇయ్యాల చెప్పినవ్" అంది. బంతి చివర ఖాళీగా ఉన్న చోట విస్తరి వేసి, నీళ్ళు చిలకరించింది. "కాళ్ళు కడుక్కోని కూసో సారూ. దూరం పోవాలె, తిని పో."

బాలనర్సయ్యే వచ్చి నాకు అన్నం వడ్డించాడు. నేను తల వంచుకుని తిన్నాను.